లెక్క రాసేవారికి లెక్క చదవడమూ నేర్పాలి

ఊళ్లో గర్భిణి పేరు నమోదు చేసేది, బరువు చూసేది, రక్తపోటు కొలిచేది, ఆ వివరాలను ట్యాబ్‌లో ఎక్కించేది ఏఎన్‌ఎం. పసిపిల్లల ఎత్తు, బరువు పోషణ్ ట్రాకర్‌లో నింపేది అంగన్‌వాడీ టీచర్. ఆ అంకెలు మండలం, జిల్లా దాటి ఢిల్లీ దాకా చేరతాయి. తన పరిధిలో ఏ తల్లికి ముప్పు పొంచి ఉందో, ఏ తండాలో పరీక్షలు ఆగిపోయాయో ఆ అంకెల్లోంచే పట్టుకునే విద్యను మాత్రం వాటిని సేకరించినవారికి మనం సరిగా నేర్పడం లేదు. డేటా విశ్లేషణను ఏఎన్‌ఎం మొదలు పీహెచ్‌సీ వైద్యాధికారి వరకు అందరి శిక్షణలోనూ తప్పనిసరి పాఠం చేయాలి.

రాష్ట్రాల సగటులు చూసి సంతృప్తి పడితే ఈ అవసరం కనిపించదు. 2018-20 నమూనా నమోదు సర్వే ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు దేశంలో 97 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. 2030 నాటికి 70 కన్నా తగ్గించాలన్న ప్రపంచ లక్ష్యాన్ని రెండు రాష్ట్రాలూ ముందే దాటాయి. ఇది గర్వించదగ్గ విజయం. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంకో సంగతి చెప్పింది. రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. వయసుకు తగ్గ ఎత్తు లేని అయిదేళ్లలోపు పిల్లలు తెలంగాణలో అంతకుముందు సర్వేలో 28 శాతం ఉంటే, ఇందులో 33 శాతానికి పెరిగారు. ఆ రాష్ట్రంలో సిజేరియన్లు 60 శాతం దాటాయి. ఈ కోతలు తొలి కాన్పులోనే జరుగుతున్నాయా, లోగడ సిజేరియన్ అయినవారిలోనా అన్నది విడదీసి చూస్తేనే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పులను పది వర్గాలుగా విభజించే రాబ్సన్ పద్ధతిని 2015లో సిఫార్సు చేసింది. ఆ విభజన ప్రతి ఆసుపత్రిలోనూ జరగాలి.

క్షేత్రస్థాయిలో కావలసిన విద్య అంత క్లిష్టమైనదేమీ కాదు. నమోదైన నూరుమందిలో తొంభైమందికి హిమోగ్లోబిన్ పరీక్ష జరిగిందంటే బాగానే ఉన్నట్టు తోస్తుంది. అసలు నమోదే కాని గర్భిణులు ఎందరని అడగడం విశ్లేషణలో తొలి మెట్టు. హిమోగ్లోబిన్ ఏడుకన్నా తగ్గినవారిని వేరు చేయడం, ఒకే తల్లి ఫలితాలను నెలనెలా పోల్చడం, ఒక ఊరిని పక్క ఊరితో పోల్చి తేడాకు కారణం వెతకడం తర్వాతి మెట్లు. ఇంతమాత్రం వచ్చినా ఐరన్ మాత్రలు పంచామన్న లెక్కతో ఆగకుండా, అవి పనిచేస్తున్నాయా అని చూడగలుగుతారు.

ఇప్పటికే రిజిస్టర్లతో సతమతమవుతున్న ఏఎన్‌ఎంలపై ఇంకో భారమా అని కొందరు అడుగుతారు. భారం నిజమే. అదే వివరాన్ని రిజిస్టర్‌లోనూ యాప్‌లోనూ రెండుసార్లు రాయించడం మానేస్తే ఆ భారం తగ్గుతుంది, నేర్చుకోవడానికి సమయమూ దొరుకుతుంది. అంకెలే తప్పైనప్పుడు విశ్లేషించి ఏం లాభమన్నది రెండో అభ్యంతరం. మందలింపులకు భయపడి నింపిన అంకెల్లోనే అబద్ధం చేరుతుంది. తన పనికి తానే వాడుకునే అంకెను ఎవరైనా జాగ్రత్తగా రాస్తారు. తల్లుల గోప్యతకు ముప్పన్న ఆందోళన సహేతుకమే కనుక, పేర్లు చికిత్స చేసేవారికే పరిమితం కావాలి, సమీక్షలకు అంకెలు మాత్రమే వెళ్లాలి.

రెండు ప్రభుత్వాలూ ఈ శిక్షణకు నిధులిచ్చి, ప్రతి సబ్‌సెంటర్‌కు దాని లెక్కను నెలనెలా తిరిగి అందించాలి. పీహెచ్‌సీ నెలవారీ సమావేశంలో లక్ష్యాల శాతాలకన్నా ముందు, ముప్పులో ఉన్న తల్లుల గురించి చర్చ జరగాలి.