విద్యాపీఠములు - కొండపల్లి

1926లో బెజవాడయందు పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1930లో వాల్తేరు చేరినది. ఆ లోటు కృష్ణామండలమునకు చిన్నది కాదు. నేడు కృష్ణకు దక్షిణపుటొడ్డున అమరావతి ప్రాంతమందు 2017లో ఆరంభమైన వి.ఐ.టి., ఎస్.ఆర్.ఎం. విశ్వవిద్యాలయములు నడచుచున్నవి. విద్యాలయము వచ్చినదన్నంతనే ఎకరము ధరయు, ఇంటి అద్దెయు మాత్రమే లెక్కించువారు మనలో పెక్కండ్రు. అదియొక లాభమే, కాదనము. కాని ఉత్తరపుటొడ్డున నున్న కొండపల్లికి దానివలన నేమి చేకూరును?

కొండపల్లి బొమ్మకు ప్రాణము తెల్లపొణికి కఱ్ఱ. తేలికయైన యా కఱ్ఱను ఆరబెట్టి, అవయవములను వేర్వేరుగ చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో నతికి, సున్నము పూసి రంగులు వేయుదురు. ఆ చెట్టు కొండలలో నానాటికి అరుదగుచున్నది. విత్తు సులభముగ మొలవదు. కఱ్ఱయే లేనిచో దేశాంతర వర్తకమును గూర్చిన యుపన్యాసములేల? విత్తును మొలిపించుట శాస్త్రజ్ఞుల పని. పండితులు వంతెన దాటి ఇటు రావలెను. వారు మొలిపించిన మొక్కకు మెట్టభూమిలో చోటీయగల కామందులు మా చదువరులలోనే యున్నారు.