శుద్ధి అయిన రక్తం, తరగని నీరసం

డయాలసిస్ మొదలైన తరువాత రోగికి వాపు తగ్గుతుంది, ఆయాసం తగ్గుతుంది. నీరసం మాత్రం చాలామందిని వదలదు. ‘వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయిస్తున్నా ఈ బలహీనత ఎందుకు?’ అని కుటుంబ సభ్యులు కలవరపడతారు.

మూత్రపిండాలు మలినాలను వడకట్టడంతోపాటు ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోనును కూడా తయారుచేస్తాయి. ఎముక మజ్జలో ఎర్రకణాలు తగినన్ని పుట్టడానికి ఇది అవసరం. మూత్రపిండాలు చెడినప్పుడు ఈ హార్మోను తగ్గిపోతుంది. మామూలుగా సుమారు 120 రోజులు జీవించే ఎర్రకణాలు కూడా ముందే నశిస్తాయి.

డయాలసిస్ యంత్రం యూరియాను, పొటాషియంను, అదనపు నీటిని తొలగించగలదు, హార్మోనును తయారుచేయలేదు. పైగా ప్రతిసారీ కొద్దిపాటి రక్తం గొట్టాలలో మిగిలిపోతుంది. దానితోపాటు ఇనుమూ పోతుంది. అందుకే వైద్యులు హిమోగ్లోబిన్‌ను, ఇనుము నిల్వలను పరీక్షించి, అవసరాన్నిబట్టి ఎరిత్రోపొయెటిన్, ఇనుము ఇంజెక్షన్లు ఇస్తారు. హిమోగ్లోబిన్‌ను సాధారణంగా 10 నుండి 11.5 గ్రాముల మధ్య ఉంచాలని చూస్తారు. మందులతో అంతకు మించి పెంచితే పక్షవాతం వంటి ముప్పు ఉంది. మాటిమాటికి రక్తం ఎక్కిస్తే, భవిష్యత్తులో మూత్రపిండ మార్పిడికి ఆటంకం కలుగవచ్చు.

ఇక్కడే మన ప్రేమ ప్రమాదంగా మారే అవకాశముంది. రక్తం పడుతుందని బీట్‌రూట్ రసం, దానిమ్మ, ఖర్జూరాలు తినిపిస్తాము. వీటిలో పొటాషియం అధికం. దానిని బయటకు పంపలేని శరీరంలో అది పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. ఇఫ్తార్ పళ్లెంలోని ఖర్జూరం విషయంలోనూ వైద్యుని సలహా తప్పనిసరి.

నీటి విషయం మరింత కఠినం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసే అనంతపురం సీమలో, దప్పికగొన్నవారికి చెంబెడు నీళ్లివ్వడం గొప్ప పుణ్యం. అటువంటి ఇంట్లో, మండు వేసవిలో, రోగిని ‘ఇక తాగవద్దు’ అనడానికి నోరు రాదు. అయితే మూత్రం రాని శరీరంలో ఆ నీరు రక్తంలోనే నిలిచి, దానిని పలుచన చేసి, ఊపిరితిత్తులలోకి చేరుతుంది. వైద్యుడు చెప్పిన కొలతను ఉదయమే ఒక సీసాలో పోసి ఉంచండి. ఉప్పు తగ్గించండి, దాహమూ తగ్గుతుంది.

రోగులకు ఉపవాసంలో సడలింపును దివ్యఖుర్‌ఆన్ (2:184) స్వయంగా ప్రసాదించింది. ఆ సడలింపును స్వీకరించినందుకు రోగి సిగ్గుపడవలసిన పనిలేదు. అతని నీరసాన్ని సోమరితనమనో, విశ్వాసలోపమనో ఇంట్లో ఎవరూ అనకూడదు. ఆ మాటకు బదులు, ఈ నెల హిమోగ్లోబిన్ ఎంత ఉందో అడిగి తెలుసుకోండి.