వినడం చదవడం కాదు

"ఫోనే చదివి పెడుతుంది కదా, ఇంకా బ్రెయిలీ ఎందుకండీ?"

ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో అధికారులున్నారు, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళున్నారు, సాహిత్యం బాగా చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. చెడ్డ ఉద్దేశంతో అడగరు. చూపులేనివాళ్ళ చదువు సమస్యను సాంకేతికత ఎప్పుడో తీర్చేసిందని నిజంగానే అనుకుంటారు. ఈ అభిప్రాయం తప్పు. పైగా ఇది చూపులేనివాళ్ళ చేతిలోంచి అక్షరాన్ని మెల్లగా లాగేసుకుంటోంది. మనం మాత్రం దాన్ని సాయం అనుకుంటున్నాం.

ఆరో తరగతి పిల్లవాడొకడు పాఠాలన్నీ యూట్యూబులో వింటాడు, అడిగితే చక్కగా అప్పజెప్తాడు, కానీ ఒక్క అక్షరం చదవలేడు, రాయలేడు అనుకుందాం. ఆ బడి మీద మనం ఎంత గొడవ చేస్తాం! అదే పిల్లవాడికి చూపు లేకపోతే మాత్రం "బాగా వింటున్నాడు, సంతోషం" అంటాం. కళ్ళున్న పిల్లవాడి విషయంలో నిరక్షరాస్యత అనిపించుకున్నదే కళ్ళు లేని పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ప్రగతి ఎట్లా అవుతుంది?

వింటే తెలియనివి చాలా ఉన్నాయి. ల, ళ తేడా, న, ణ తేడా, శ, ష, స తేడాలు చాలామంది నోట్లోనే పోయాయి, ఇక యంత్రం నోట్లో ఎంత మిగులుతాయి? పద్యం ఏ పాదం దగ్గర విరిగిందో, వచన కవితలో కవి ఎక్కడ పంక్తి తెంపాడో ఫోను గొంతు చెప్పదు. కామా దగ్గరా పంక్తి చివరా ఒకే తీరున పోతుంది. "మన సాహిత్యమంతా మౌఖికమే కదా, అవధానులు ధారణతోనే నడిపించారు కదా" అని ఒక వాదన వస్తుంది. అవధాని ముందు చదువుకున్నాడు, ఆ తర్వాతే ధారణ పట్టాడు. అక్షరం వచ్చినవాడు దాన్ని పక్కన పెట్టడం వేరు, అక్షరమే ఇవ్వకుండా "నీకు జ్ఞాపకశక్తి ఎక్కువట కదా" అనడం వేరు.

ఇక నోట్‌టేకర్ సంగతి. బ్రెయిలీ నోట్‌టేకర్ అంటే చేతిలో పట్టే ఒక పెట్టె. రాయడానికి ఆరో ఎనిమిదో మీటలు, ఒక స్పేస్ మీట ఉంటాయి. వాటి కింద ఒక వరసలో 20, 32 లేదా 40 గడులు. ఒక్కో గడిలో సన్నని చుక్కలు లేస్తాయి, దిగుతాయి. వేలు ఆ వరస మీద నడిపి చదువుకుంటారు, వరస అయిపోతే మీట నొక్కితే తర్వాతి వరస లేస్తుంది. తెర అక్కర్లేదు, చప్పుడు అక్కర్లేదు. పలకా స్టైలస్ పట్టుకుని కుడి నుంచి ఎడమకు తిరగేసి పొడుచుకుంటూ రాయాల్సిన పని లేదు, నాలుగైదు కిలోల పెర్కిన్స్ బ్రెయిలర్‌ను మోసుకుంటూ తిరగాల్సిన పని లేదు.

దీని నుంచి వాడేవాళ్ళు ఏం ఆశిస్తారన్నదే అసలు ప్రశ్న. సదస్సుల్లో దీనికి "స్వావలంబన", "సాధికారత" అనే జవాబులు దొరుకుతాయి. మనం కల్వకుర్తిలో డిగ్రీ చదువుతున్న ఒక చూపులేని అమ్మాయిని ఊహించుకుని అడుగుదాం. ఆమె అడిగేవి చాలా మామూలు సంగతులు.

మీట నొక్కగానే పెట్టె లేవాలి. లెక్చరర్ పాఠం మొదలుపెట్టాక రెండు నిమిషాలు "లోడ్" అవుతూ కూర్చోకూడదు. క్లాసులో చెవులు రెండూ లెక్చరర్ మాటకే కావాలి. ఫోను చెవిలో పెట్టుకుంటే ఒక చెవికి పాఠం, ఒక చెవికి యంత్రం, చివరికి రెండూ అందవు. ఛార్జింగు రోజంతా ఆగాలి. బస్సులో వొళ్ళో పెట్టుకుని చదువుకునేలా ఉండాలి. రేపు ఏ సభలోనో తన కవిత చదవాల్సి వస్తే ఇయర్‌ఫోనులో ఒక ముక్క విని దాన్ని పైకి అనడం కాకుండా, వేళ్ళతో చదువుతూ తలెత్తి జనంతో మాట్లాడగలగాలి. చూపుతో పాటు వినికిడి కూడా లేనివాళ్ళకైతే చెవి అనే దారే లేదు, ఉన్నది వేలే.

గడులు చాలినన్ని ఉండాలి. ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. భారతీయ భాషలన్నిటికీ కలిపి 1951 ప్రాంతంలో కుదిర్చిన భారతి బ్రెయిలీలో గుణింతం గుర్తులు విడిగా లేవు. హల్లు పక్కన అచ్చు పూర్తి గడిగా వస్తుంది, ఒత్తుకు ముందు పొల్లు గుర్తు ఇంకో గడి తింటుంది. "కల్వకుర్తి" కంటికి నాలుగక్షరాలే. వేలికి? క ఒక గడి. ల్వకు పొల్లు గుర్తు, ల, వ కలిపి మూడు. కుకు క, ఉ రెండు. ర్తికి పొల్లు గుర్తు, ర, త, ఇ నాలుగు. మొత్తం పది. "నాగర్‌కర్నూల్" పన్నెండు గడులు. అంటే 20 గడుల పరికరం మీద ఈ అమ్మాయి ఊరి పేరు, జిల్లా పేరు ఒక్క వరసలో పక్కపక్కన పట్టవు. ఇంగ్లీషుకు మాటలను కుదించి రాసే సంక్షిప్త బ్రెయిలీ ఉంది, దాంతో 20 గడులూ కొంత సర్దుకుంటాయి. తెలుగు అక్షరానికి అక్షరం నడిచే వ్యవహారం. "బీద దేశాలకు 20 గడులు చాలు" అన్నవాళ్ళు బీదతనాన్ని లెక్క వేశారేమో, తెలుగును మాత్రం లెక్క వెయ్యలేదు.

తను రాసింది టీచరు చదవగలగాలి, టీచరు పంపింది తను చదవగలగాలి. తేలిగ్గా వినిపించే ఈ కోరికలోనే నా వృత్తి వాళ్ళు చెయ్యాల్సిన పని చాలా ఉంది. యూనికోడ్ తెలుగులో పొల్లు హల్లు తర్వాత వస్తుంది, భారతి బ్రెయిలీలో హల్లుకు ముందు వస్తుంది. హల్లు పక్కన అచ్చు గడి వస్తే దాన్ని గుణింతంగా మార్చాలి. పైగా ఇంగ్లీషుకూ తెలుగుకూ గడులు అవే. ఇంగ్లీషు బ్రెయిలీలో బీ, యూ, ఎస్ కొట్టి "బస్" అని రాస్తే, దాన్నే తెలుగనుకున్న యంత్రం "బుస" అని చదువుతుంది. మన వాక్యాల్లో ప్రతి నాలుగో మాట ఇంగ్లీషే కాబట్టి, భాష మారిందని చెప్పే సులువైన మీట లేని పరికరం పేజీ నిండా బుసలు కొడుతుంది. లిబ్‌లూయీ అనే ఉచిత అనువాద సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పట్టిక ఉంది, ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ దాన్నే వాడుకుంటుంది. అది తెరిచి ఉన్న పని, ఎవరైనా చెయ్యి వెయ్యొచ్చు. అయినా మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏటా చివరి సంవత్సరం ప్రాజెక్టుగా వచ్చేది అల్ట్రాసోనిక్ సెన్సర్ తగిలించిన చేతికర్రే. అడ్డం వస్తే బీప్ అంటుంది. ఫొటో దిగుతారు, మార్కులు పడతాయి, కర్ర అటక ఎక్కుతుంది. "నీకేం కావాలి?" అని చూపులేని మనిషిని ముందే అడిగి ఉంటే ఆ కర్రల్లో సగం పుట్టేవే కావు.

పరికరం పాతబడకూడదు, చెడితే ఇక్కడే బాగవ్వాలి. 2016లో వచ్చిన బ్రెయిల్‌నోట్ టచ్ ఖరీదైన నోట్‌టేకర్లలో పేరున్నది. కానీ అది నడిచింది 2013 నాటి ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ మీద. పుట్టేనాటికే దాని కడుపులోని వ్యవస్థ ముసలిదైపోయింది. అన్నీ ఒకే పెట్టెలో కట్టేసి అమ్మితే ఇదే గతి. ఫోను మారుతుంది, చుక్కల వరస మారాల్సిన పని లేదు. కాబట్టి సొంతంగా రాసుకునే, దాచుకునే వీలు ఉంటూ, మిగతా పనులకు ఏ ఫోనుకైనా బ్లూటూత్‌తో తగులుకునే పెట్టె మనకు మేలు. 2018లో బ్రెయిలీ డిస్‌ప్లేలకు ఒక ఉమ్మడి యూఎస్‌బీ ప్రమాణం కూడా ప్రకటించారు. దాన్ని పాటించని పరికరాన్ని ప్రభుత్వం కొనకూడదు. ఇక మరమ్మతు. ఆ చుక్కల సందుల్లోకి పాలమూరు దుమ్ము పోతుంది, వేళ్ళ చెమట పోతుంది. ఫోను బాగుచేసే దుకాణం ప్రతి మండలంలో ఉంది. ఒక్క చుక్క లేవకపోయినా అక్షరం ఇంకో అక్షరమైపోయే ఈ పెట్టెను ఎక్కడికి తీసుకుపోవాలి?

ఇప్పుడు ధర. గడుల్లోని చుక్కలను లేపేవి ఎక్కువ పరికరాల్లో పీజో స్ఫటికాల పట్టీలు, ఒక్కో చుక్కకు ఒక్కోటి. ఖర్చంతా అక్కడే. పెద్ద కంపెనీల నోట్‌టేకర్ ఐదు వేల డాలర్ల పైమాటే, అంటే నాలుగు లక్షలు దాటుతుంది. తెలంగాణలో దివ్యాంగుల పింఛనును 2023లో నెలకు 4,016 రూపాయలు చేశారు. తిండీ బట్టా మానేసి అంతా దాచినా వంద నెలలు, అంటే ఎనిమిదేళ్ళ పైన పడుతుంది. అప్పటికి డిగ్రీ అయిపోయి, ఉద్యోగానికి వయసు కూడా దాటే రోజు దగ్గరపడుతుంది.

చవక దారులు వెతికినవాళ్ళున్నారు, వాళ్ళను తక్కువ చెయ్యను. అనేక దేశాల సంస్థలు కలిసి తెప్పించిన ఆర్బిట్ రీడర్ 20 ధరను ఐదు వందల డాలర్ల దరిదాపుల్లోకి దించింది. ముంబైలో ఇన్నోవిజన్ వాళ్ళు బ్రెయిల్‌మీ చేశారు. ఐఐటీ ఢిల్లీలోని అసిస్‌టెక్ బృందం భాగస్వాములతో కలిసి 2019లో డాట్‌బుక్‌ను తెచ్చింది. మన దేశంలో ఇది చేతనవుతుందని వీళ్ళు నిరూపించారు. అయినా ఐదు వందల డాలర్లంటే నలభై వేలు, పది నెలల పింఛను. చవక అయిందని సంబరపడి ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి ఇది చాలదు.

చట్టం ఏమంటోంది? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షను, నిర్దేశిత స్థాయి వైకల్యమున్న విద్యార్థులకు పుస్తకాలు, తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వాలంటుంది. ఎంతవరకు? పద్దెనిమిదేళ్ళు నిండేవరకు. అంటే డిగ్రీలో చేరే వేళకు చట్టం చెయ్యి వదిలేస్తుంది. నోట్సు రాసుకోవాల్సిన అవసరం అసలు మొదలయ్యేదే అప్పుడు కదా!

"మరి బొల్ల శ్రీకాంత్ ఆడియోతోనే చదువుకుని పైకి రాలేదా?" అని అడుగుతారు. మచిలీపట్నం దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఇంటర్‌లో సైన్సు చదవడానికి కోర్టుకెక్కి, ఎంఐటీ దాకా వెళ్ళిన మనిషి ఆయన. 2024లో సినిమా కూడా వచ్చింది. ఒక పిల్లవాడు సైన్సు చదవడానికి హైకోర్టు మెట్లెక్కాల్సి రావడం వ్యవస్థకు సిగ్గుచేటు. మనం దాన్ని స్ఫూర్తి కథ చేసుకుని చప్పట్లు కొట్టాం. ప్రతి చూపులేని విద్యార్థీ శ్రీకాంత్ అయితేనే చదువుకోగలడు అనడం చదువు లేదని చెప్పడమే.

ఇంతవరకు ప్రభుత్వాన్నీ కంపెనీలనూ అన్నాను. ఇక మన సంగతి, అంటే తెలుగు పుస్తకాల వాళ్ళ సంగతి. రేపు పొద్దున్న ఆ అమ్మాయికి 40 గడుల పరికరం ఉచితంగా వచ్చిందనుకుందాం. దాని మీద ఏం చదువుతుంది? మన ప్రచురణలో పెద్ద భాగం ఇప్పటికీ అను ఫాంట్లలోనే కూర్చుతున్నారు. అందులో కంటికి "క" అని కనిపించేది లోపల ఏదో ఇంగ్లీషు గుర్తు. దాన్ని పరికరానికిస్తే చుక్కల చెత్త లేస్తుంది. పాత పుస్తకాలేమో స్కాన్ చేసిన బొమ్మలు. బొమ్మకు చుక్కలుండవు. పైరసీ భయంతో కొత్త పుస్తకాన్నీ బొమ్మగానే ఇచ్చేవాళ్ళున్నారు. దొంగను ఆపారో లేదో తెలియదు కానీ, ఈ పాఠకురాలిని మాత్రం గుమ్మంలోనే ఆపేశారు.

చట్టం అడ్డం అనే సాకు కూడా లేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, చదవలేనివాళ్ళకు అందే రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి దారి తెరిచారు. 2013 నాటి మర్రకేష్ ఒప్పందాన్ని అందరికంటే ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనది. 2016 నుంచి సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. తలుపులు తీసే ఉన్నాయి, లోపలికి పంపాల్సిన తెలుగు పాఠమే మన కంప్యూటర్లలో అను ఫైళ్ళుగా మూలుగుతోంది.

"బ్రెయిలీ చదివేవాళ్ళు ఎంతమంది ఉన్నారండీ?" అన్నది చివరి ప్రశ్న. తెలంగాణలో కవులే లేరన్న మాటకు మా పాలమూరువాడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పాడు. లేరన్నది వెతకనివాళ్ళ మాట అని తేల్చాడు. బ్రెయిలీకీ అంతే. పుస్తకం ఇవ్వరు, పరికరం ఇవ్వరు, బళ్ళో నేర్పే టీచర్లను వెయ్యరు, ఆ తర్వాత పాఠకులు లేరని లెక్క చెప్తారు.

కల్వకుర్తి అనగానే 1989లో ఎన్టీఆర్‌ను ఓడించిన ఊరని చాలామంది గుర్తు చేసుకుంటారు. నాకు ఇంకో సంగతి ముఖ్యం. పోలియోతో చిన్నప్పటి నుంచి ఊతకర్రల మీద నడిచిన జైపాల్ రెడ్డిని ఈ నియోజకవర్గం 1969 నుంచి 1984 దాకా వరసగా అసెంబ్లీకి పంపింది. జనం ఆయన నడకను చూసి ఓటెయ్యలేదు, మాటను విని వేశారు. ఆ మాట సభ దాకా చేరడానికి కర్రలు కావాల్సి వచ్చాయి, ఉన్నాయి. కర్రలను ఎవరూ దయ అనలేదు, "మనుషులు మోస్తారు కదా, కర్రలెందుకు?" అని కూడా అడగలేదు. ఫోను చదివి పెడుతుంది కదా అనేవాళ్ళు అడుగుతున్నది సరిగ్గా అదే.

అడగాల్సినవి తేలిక మాటల్లోనే ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళ గీత చెరిపేసి, చదువుతున్నంతకాలం బ్రెయిలీ పరికరం ప్రభుత్వమే ఇవ్వాలి. కొనేముందు తెలుగు రాసి, తెలుగు చదివి చూడాలి, ఆ పరీక్ష చూపులేనివాళ్ళే చెయ్యాలి. పాత జిల్లాకొకటైనా మరమ్మతు కేంద్రం ఉండాలి. ప్రచురణకర్తలు ప్రతి కొత్త పుస్తకానికీ యూనికోడ్ ప్రతి ఒకటి తీసి గ్రంథాలయానికి పంపాలి. మొదటి మూడూ ప్రభుత్వం కదిలితే గానీ కావు. నాలుగోది ఎవరి అనుమతీ లేకుండా మనమే చెయ్యొచ్చు. మీ దగ్గర మీ పుస్తకం అను ఫైలు ఉంటే దాన్ని యూనికోడ్‌కు మార్చి, తప్పులు దిద్ది, పంపండి.