పొదుపుకు ముందు పోరాటం

మహిళా పొదుపు సంఘాల మాట వస్తే అధికారులు, బ్యాంకర్లు, మంత్రులు ఒకే లెక్క చెబుతారు. ఎన్ని సంఘాలున్నాయి, బ్యాంకు లింకేజీ కింద ఎంత అప్పు ఇచ్చాం, ఎంత వసూలైంది. ఆ లెక్క తప్పని కాదు. హామీ పత్రం లేని పేద ఆడవాళ్లకు బ్యాంకు తలుపు తెరవడంలో తెలుగు నేల దేశానికి దారి చూపింది. అయితే ఆ సంఘాలు అసలు ఎలా నిలబడ్డాయో ఆ లెక్కలో కనబడదు. అది తెలియకపోతే ఇప్పుడు ఎక్కడ ఆగిపోయాయో కూడా తెలియదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగింది. రాత్రి బడిలో కూలి ఆడవాళ్లు చదివిన పాఠాల్లో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల కథ ఒకటి ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు ఆ పని తమ ఊళ్లో చేసి చూపించారు. 1992లో జిల్లా అంతా కదిలింది. సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. వాళ్లు ఎదిరించింది తాగొచ్చిన మొగుడిని మాత్రమే కాదు. ‘వారుణి వాహిని’ పేరుతో సారా సరఫరాను తానే చేపట్టిన ప్రభుత్వాన్ని, పాట పాడుకున్న కాంట్రాక్టరును, అతని వెనకున్న రాజకీయ అండను కూడా ఎదిరించారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది.

పొదుపులక్ష్మి అనే పొదుపు ఉద్యమం ఆ జిల్లాలోనే, ఆ కదలికలోంచే పుట్టింది. రోజుకు రూపాయి చొప్పున దాచుకోవడమే దాని పద్ధతి. సారాకు పోయే కూలి డబ్బు ఇంట్లో మిగిలింది కాబట్టి దాచడానికి రూపాయి దొరికింది. కలిసి నిలబడి గెలిచారు కాబట్టి ఒకరి పూచీ మీద మరొకరికి అప్పు ఇచ్చే ధైర్యం వచ్చింది. వాయిదా తప్పితే తోటి సభ్యుల ముందు మాట పోతుందన్న కట్టుబాటును ఏ బ్యాంకు నిబంధనా పుట్టించలేదు. గ్రామీణ మహిళా సంఘాల కోసం డ్వాక్రా పథకం కేంద్రం పెట్టింది 1982లోనే. పదేళ్లు అది కాగితాల మీద నెమ్మదిగా నడిచింది. దానికి ఊపిరి పోసింది సారా ఉద్యమమేనని నా నిశ్చితాభిప్రాయం.

తర్వాత ప్రభుత్వాలు రంగంలోకి దిగాయి. 2000లో పేదరిక నిర్మూలన పథకం వెలుగు వచ్చింది, 2004 తర్వాత సంఘాల అప్పుకు పావలా వడ్డీ వచ్చింది. చేసిన మేలును కాదనడం అన్యాయం. మైక్రోఫైనాన్స్ కంపెనీల వేధింపులు ఆత్మహత్యల దాకా వెళ్లిన 2010లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆపగలిగిందంటే, ఊళ్లో అప్పటికే సంఘాల అప్పు అనే ప్రత్యామ్నాయం ఉండడం అందుకు ఒక కారణం. ధాన్యం కొనుగోలు సంఘాలు నడిపే ఐకేపీ కేంద్రాలకు అప్పగించినప్పుడు, కల్లం దగ్గర కాంటా వేసి రికార్డు రాసే పని ఆడవాళ్లు చేయలేరన్న మాట తేలిపోయింది. పని, దానికి తగిన కమీషన్ రెండూ ఇస్తే సంఘం వ్యాపారం చేయగలదు.

మరి అదే సంఘం సభ్యురాలు ఇరవై ఏళ్ల తర్వాత కూడా లింకేజీ డబ్బును పిల్లల ఫీజుకో, ఆసుపత్రికో, పాత అప్పు తీర్చడానికో ఎందుకు ఖర్చు చేస్తోంది? ఆమెకు ఆర్థిక అక్షరాస్యత లేదని శిక్షణలు పెడుతున్నారు. జబ్బు మరోచోట ఉంది. అప్పు తెచ్చి గేదెను కొన్న భూమిలేని దళిత మహిళ పచ్చిగడ్డి ఎక్కడ కోయాలి? భూమి ఉన్నవారి గట్టు మీద. ఆ గడ్డికి బదులు వాళ్లు పిలిచినప్పుడు కూలికి వెళ్లాలి, ఇచ్చినంత తీసుకోవాలి. పాల లాభంలో కొంత అలా గట్టు దగ్గరే కరిగిపోతుంది. ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. కేంద్రం ఆ పని చేసింది 2005లో. అంత ముందున్న రాష్ట్రంలోనూ కట్నం ఇచ్చేశాం కదా అన్న ఒక్క మాటతో వాటా మాయమవుతోంది. అప్పు ఆడవాళ్ల పేరున, పట్టా మగవాళ్ల పేరున ఉన్నంతకాలం ఆ అప్పు పెట్టుబడిగా మారడం కష్టం.

రెండో అడ్డంకి రాజకీయాలు పెట్టింది. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలైంది. రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చారు. 1998లో వచ్చిన మహిళా సంఘాల వ్యవస్థ కుటుంబశ్రీని ఆ పంచాయతీలతోనే ముడివేశారు. వార్డు స్థాయిలో ఆడవాళ్లు కోరింది పంచాయతీ ప్రణాళికకు చేరే దారి అలా ఏర్పడింది. మనం గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అంటూ పంచాయతీకి పక్కనుంచి వేరే నిచ్చెన కట్టాం. దాని పై మెట్టు రాజధానిలో ఉంది. అందుకే పాలకుల సభకు జనం కావాలంటే ముందు సంఘాలకు కబురు వెళుతుంది. ఊరి చెరువు వేలం ఎవరికివ్వాలో, ఉమ్మడి భూమి ఏం చేయాలో తేల్చేటప్పుడు మాత్రం వాళ్లను పిలిచేవాళ్లుండరు. ఎన్నికల ముందు రుణమాఫీ హామీ, గెలిచాక కొత్త పేరుతో మరో పథకం. క్రమం తప్పక చెల్లించే అలవాటును ఇన్నేళ్ల కష్టంతో పెంచుకున్న సంఘాలకు ఇవి చేసిన చేటు చిన్నది కాదు.

పంచాయతీలను కూడా మన ప్రభుత్వాలు బతకనిచ్చింది లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో గడువు ముగిస్తే 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు లేవు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి నెలల తరబడి ప్రత్యేకాధికారుల పాలన సాగింది. మద్యం విషయం మరింత బాధ కలిగిస్తుంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఇవాళ రెండు రాష్ట్రాల ఖజానాలూ మద్యం రాబడి మీద గట్టిగా ఆధారపడ్డాయి. ఆడవాళ్లు రూపాయి రూపాయి కూడబెట్టిన ఇంటినుంచే ఆ రాబడిలో కొంత వస్తోంది.

అడగాల్సినవి పెద్దవేమీ కావు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో గ్రామ సమాఖ్య తీర్మానాన్ని తప్పనిసరి చేయాలి. ఊరి చెరువుల్లో చేపల హక్కు, బంజరులో పశుగ్రాసం పెంచే హక్కు ముందుగా భూమిలేని సభ్యుల సంఘాలకే ఇవ్వాలి. ఊళ్లో బెల్టు షాపు ఉండాలా వద్దా అన్నది గ్రామసభలో ఆడవాళ్ల ఓటుతో తేలాలి. మీ ఊళ్లో వచ్చే గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి. ఈ మూడింటినీ అక్కడ లిఖితపూర్వకంగా అడగండి.