ఈచుకొనిపోయిన పశువును దాచవలదు

ఆవు గాని గేదె గాని ఆరవ నెల దాటిన పిదప ఈచుకొనిపోయినచో, దానిని ఆ యింటివారి దురదృష్టముగా నెంచుట మన గ్రామములలో వాడుక. దిష్టి తగిలినదని మెడకు త్రాడు గట్టుదురు. మరుసటి యీత సక్రమముగా జరుగును. త్రాడు ఫలించినదని అందఱును నమ్ముదురు. రైతునకు మిక్కిలి నష్టము గలిగించుచున్నది ఈ నమ్మకమే యని మా యభిప్రాయము.

కొమ్ముపోటు, బూజుపట్టిన మేత, తీవ్రజ్వరము, ఇవియు చూలు పోవుటకు కారణములే. కాని చివరి మాసములలో చూలు పోయి, మాయ పడక నిలిచినచో మొదట శంకింపవలసినది ఈసుడు రోగమును. వైద్యులు దీనిని బ్రూసెల్లోసిస్ అందురు. దీని సూక్ష్మజీవిని 1897లో డెన్మార్కు దేశపు పశువైద్యుడు బెర్న్‌హార్డ్ బాంగ్ కనుగొనెను. ఈ రోగము సోకిన పశువు సాధారణముగా ఒకమాఱు ఈచుకొనిపోయి, తరువాత నెలలు నిండియే యీనును. రోగము మాత్రము పోలేదు. ఈనినప్పుడు మాయతోను ఉమ్మనీటితోను, పిదప పాలతోను ఆ సూక్ష్మజీవులు వెలువడుచుండును. త్రాడు గట్టినను గట్టకున్నను జరుగునది యిదియే.

ఇక మనము మాయను ఏమి చేయుచున్నాము? పెంటకుప్పపై వేయుదుము, కొన్ని యూళ్లలో పాలు సమృద్ధిగా నుండునని చెట్టునకు వ్రేలాడగట్టుదురు. కుక్కలు దానిని బీటిలోనికి ఈడ్చును. అచటి గడ్డి మేసిన చూడిపశువునకు రోగము సోకును. వట్టిచేతితో మాయను లాగినవానికిని, పచ్చిపాలు త్రాగినవానికిని విడిచి విడిచి వచ్చు జ్వరము, కీళ్లనొప్పులు పట్టును. లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చుట కెంత శ్రమ?

ఈచుకొనిపోయిన పశువును మాటాడక సంతకు తోలుట మఱియొక కీడు. అమ్మినవానిని మేము తిట్టబోము. పాలు లేని పశువును మేపుట పేదరైతునకు భారమే. కొన్ని దేశములలో రోగపశువులను వధించి, యజమానులకు ప్రభుత్వము పరిహార మిచ్చి, రోగమును రూపుమాపిరి. గోవుల విషయమున మనకది సాగునది కాదు. అట్లగుటచే నిజము చెప్పిన సభ్యునకు సంఘమే తోడు నిలువవలెను. రక్తపరీక్షలో రోగము తేలిన పశువును అమ్మక వేఱుగా కట్టివేసినవానికి ఆ యీత మేతకై సంఘనిధినుండి కొంత సాయము చేయుట న్యాయమని మా వాదము. ఒక్క పశువును కొని తెచ్చుటచే మందయంతయు చెడుటకంటె ఈ వ్యయము స్వల్పము.

2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమములో ఈ రోగమునకు టీకా చేర్చబడినది. నాలుగు మొదలు ఎనిమిది నెలల వయస్సుగల పెయ్యలకును పెయ్యదూడలగు గేదెపిల్లలకును జీవితములో ఒక్కమాఱు వేయుదురు. చూడిపశువులకును మగదూడలకును వేయరాదు. రోగము సోకినదానిని ఇది నయము చేయదు. టీకా వేయువారు వచ్చు దినమున దూడలను బీటికి తోలక ఇంటికడనే కట్టి యుంచుడు.