గేటు చూసి కాదు, వర్క్‌షాపు చూసి పిల్లలను చేర్పించండి



పదో తరగతి రిజల్ట్ వచ్చినంక మన క్యాంపు రూముల్లో రాత్రిపూట ఫోన్లో ఒకటే ముచ్చట. "పోరడిని ఏ కాలేజీల ఎయ్యాలె?" అని ఇంటి దగ్గర నుంచి అడుగుతరు. మనం ఇక్కడ నుంచి "బావమరిదిని అడుగు, ఆయనకు ఎరుకే" అంటం. బావమరిది ఒక కాలేజీ పీఆర్వోను ఇంటికి తీసుకొస్తడు. ఆయన రంగు కాగితం చూపిస్తడు, బస్సు ఉంది, హాస్టల్ ఉంది అంటడు. మనం ఎక్స్‌ఛేంజ్‌కు పోయి పైసలు పంపుతం. చెప్పులు కొనేటప్పుడు కూడా కాళ్ళకు వేసుకొని చూస్తం కదా! కాలేజీని మాత్రం చూడకుండనే కొంటున్నం.

ఈ తప్పు నేనూ చేసిన. మా అన్న కొడుకు పదో తరగతి పాసైనప్పుడు వాట్సాప్‌లో బిల్డింగ్ ఫోటో చూసి, "మంచిగుంది, చేర్పించండి" అని ఇక్కడి నుంచే చెప్పిన. ప్రైవేట్ ఐటిఐ, ఎలక్ట్రీషియన్ ట్రేడ్, రెండేళ్ళు. పోరడు పాసయ్యిండు. సర్టిఫికెట్ ఉంది, మార్కులు ఉన్నయి. గల్ఫ్ ఇంటర్వ్యూకు పోతే ట్రేడ్ టెస్ట్‌లో పైపు వంచమన్నరు, డీబీ కనెక్షన్ ఇవ్వమన్నరు. రెండూ రాలేదు. కాలేజీలో మోటార్లకు కరెంటే ఇయ్యలేదట, పైపు వంచే స్ప్రింగ్ చేతితో పట్టుకోలేదట. చివరికి హెల్పర్ వీసా మీద వచ్చిండు. ఇప్పుడు నా సైట్లోనే, వేరే ఎలక్ట్రీషియన్‌కు పైపులు మోసి ఇస్తున్నడు. వాడిని చూసినప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపిస్తది. తప్పు వాడిది కాదు. ఆ కాలేజీకి సరే అన్నది నేను.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఐటిఐ అయినా, పాలిటెక్నిక్ అయినా, ఫీజు కట్టకముందు మన ఇంటి మనిషి ఒకరు పోయి వర్క్‌షాపు లోపల నిలబడి చూడాలి. పోయినప్పుడు ఏం చూడాలో, ఏం అడగాలో కింద రాస్తున్నాను.

మొదటిది, అనుమతి. "మా కాలేజీకి గుర్తింపు ఉంది" అంటే సరిపోదు. ఐటిఐలలో అనుమతి ఒక్కో ట్రేడ్‌కు, ఒక్కో యూనిట్‌కు వేరుగా ఉంటది. ఫిట్టర్‌కు ఉండి ఎలక్ట్రీషియన్‌కు లేకపోవచ్చు. మన పిల్లగాడు చేరే ట్రేడ్‌కు డీజీటీ అనుమతి ఉందా, చివర్లో వచ్చేది నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్టేనా అని అడగండి. పాలిటెక్నిక్ అయితే ఆ బ్రాంచికి ఏఐసీటీఈ అనుమతి, ఎస్‌బీటెట్ అనుబంధం ఉండాలి. అనుమతి కాగితం ఫోటో తీసుకోనివ్వకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

రెండోది, వర్క్‌షాపు. క్లాసులు నడిచే రోజు, మధ్యాహ్నం పూట పోండి. మిషన్ల మీద దుమ్ము ఉందా, పిల్లల చేతులకు మసి ఉందా చూడండి. వెల్డింగ్ అయితే కాల్చిన రాడ్ ముక్కలు కింద పడి ఉండాలి. నేల అద్దంలాగ మెరుస్తుంటే అక్కడ పని జరగట్లేదని అర్థం. మిషన్ ఒకసారి ఆన్ చేసి చూపించమనండి. ఒక్క మిషన్ దగ్గర ఎంతమంది నిలబడ్డరో లెక్కపెట్టండి. ఇరవై మందికి ఒకటే వెల్డింగ్ మిషన్ ఉంటే మనోడి వంతు ఎప్పుడొస్తది?

మూడోది, సారు. ఇన్‌స్ట్రక్టర్ ఏ ట్రేడ్ చదివిండు, బయట ఎక్కడ పని చేసిండు, ఈ కాలేజీలో ఎన్నేళ్ళ నుంచి ఉన్నడు అని అడగండి. ప్రతి ఏడూ సారు మారే కాలేజీలో పిల్లలకు పని రాదు.

నాలుగోది, పోయినేడు పాసైన పిల్లలు. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇద్దరి ముగ్గురి ఫోన్ నంబర్లు అడగండి. ఆర్టీసీ డిపోలో, సింగరేణిలో, రైల్వేలో, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో అప్రెంటిస్‌గా ఎంతమంది పోయిండ్రు? వాళ్ళతో మాట్లాడితే పీఆర్వో గంటసేపు చెప్పింది నిజమో కాదో అయిదు నిమిషాల్లో తెలుస్తది.

అయిదోది, పైసలు. ట్యూషన్ ఫీజు ఒక్కటే కాదు, బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజు, యూనిఫాం, టూల్స్ అన్నీ కలిపి మొత్తం కోర్సుకు ఎంతో కాగితం మీద రాయించుకోండి. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోండి. "రీయింబర్స్‌మెంట్ వస్తది, మీకు పైసా ఖర్చు లేదు" అంటే, ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే ఎవరు కట్టాలి అని అక్కడే అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో వదిలిపెట్టొద్దు. చూపించి, జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. మన పాస్‌పోర్టు ఇంకొకరి దగ్గర ఉంటే ఎట్లుంటదో మనకు వేరే చెప్పాల్నా?

ప్రభుత్వ ఐటిఐని మర్చిపోకండి. బిల్డింగ్ పాతగా ఉందని, ఊళ్ళో నామోషీ అని వదిలేస్తున్నం. అక్కడ ఫీజు చాలా తక్కువ, సీటు పదో తరగతి మార్కుల మీద వస్తది. తెలంగాణలో చాలా ప్రభుత్వ ఐటిఐలను ఇప్పుడు అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నరు, కొత్త మిషన్లు పెడుతున్నరు. అయినా గుడ్డిగా నమ్మమని అంటలేను. అక్కడికీ పోయి ఇవే ప్రశ్నలు అడగండి.

"ఐటిఐ చదివితే అక్కడికే ఆగిపోతడు" అని కొందరు అంటరు. అది నిజం కాదు. తెలంగాణలో రెండేళ్ళ ఐటిఐ చేసినోళ్ళు అర్హత ఉంటే ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో సంవత్సరంలో చేరొచ్చు. డిప్లొమా అయినంక ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. మెట్లు ఉన్నయి. మొదటి మెట్టు గట్టిగా ఉండాలి, అంతే.

"మేము ఇక్కడ ఉన్నం, ఎవరు పోయి చూస్తరు?" అంటరేమో. ఇంటి దగ్గర మీ భార్య ఉంది, అమ్మ ఉంది, చెల్లె ఉంది. ఇల్లు, పొలం, అప్పులు అన్నీ వాళ్ళే నడిపిస్తున్నరు, కాలేజీ చూడలేరా? ఆడవాళ్ళు ఒక్కరే పోతే ఆఫీసులో కూర్చోబెట్టి పంపించేస్తరు. అందుకే ఊర్లో పనిచేసే ఎలక్ట్రీషియన్‌నో, వెల్డర్‌నో వెంట తీసుకుపొమ్మని చెప్పండి. మీరు కాలేజీ నడిచే రోజు భోజనం టైములో వీడియో కాల్‌లో ఉండండి. ఫోన్ వర్క్‌షాపు లోపలికి తీసుకుపొమ్మనండి. లోపలికి రానివ్వకపోతే అదే మీకు జవాబు.

పిల్లగాడిని కూడా వెంట పంపండి. రెండేళ్ళు అక్కడ నిలబడేది వాడు. వాడికి ఆ పని ఇష్టమో కాదో మిషన్ దగ్గర వాడి మొహం చూస్తే తెలుస్తది.

మనం ఎండలో నిలబడి పంపే పైసలు ఇవి. ఈ నెల ఫీజు పంపేముందు ఒక్క రోజు ఆగండి. ముందు మనిషిని పంపండి, తర్వాత పైసలు పంపండి.