డ్యూటీ దిగాక: ఒక్క షాట్‌లో పాట

ఈసారి వంట కబుర్లు కాదు, వీడియో కబుర్లు.

మా గుంటూరు అక్క డిసెంబరులో ఇండియాకి పూర్తిగా వెళ్ళిపోతోంది. సొంత అక్క కాదు, ఈ దేశంలో దిగిన మొదటి రాత్రి నాకు వేడన్నం పెట్టిన మనిషి. వాళ్ళమ్మకి పక్షవాతం, చూసుకునేవాళ్ళు లేరు. ఆవిడ చేతిలో ఒక గిఫ్ట్ కార్డు పెట్టి పంపడానికి మాకు మనసొప్పలేదు. ఆవిడకిష్టమైన పాటకి మేమే వీడియో చేద్దామనుకున్నాం. ఐదుగురం రోటాలు ముందేసుకుని కూర్చుంటే, అందరికీ సెలవున్న రోజు ఒక్కటంటే ఒక్కటి లేదు!

అప్పుడు మా అబ్బాయి కోల్డ్‌ప్లే వాళ్ళ ‘యెల్లో’ చూపించాడు. 2000లో వచ్చిన పాట. తీసింది ఎక్కడో కాదు, మా పూల్ పక్కన చెయిన్ ఫెర్రీ దాటితే వచ్చే స్టడ్‌ల్యాండ్ బీచ్‌లో. బ్యాండులో నలుగురుంటే కనపడేది క్రిస్ మార్టిన్ ఒక్కడే. ఆ రోజే డ్రమ్మర్ వాళ్ళమ్మగారి అంత్యక్రియలట. ఆ మాట విన్నాక నాకు కాసేపు నోట మాట రాలేదు. పైగా వాతావరణం బాలేదు. అనుకున్నది కుదరక, రెయిన్‌కోటు వేసుకుని ఒక్కడే ఇసుకలో నడుస్తూ పాడాడు. అంతే వీడియో!

మీరూ చూడండి, కానీ మొదటిసారి సౌండ్ తీసేసి. షాట్ మారినప్పుడల్లా ఒక వేలు ముడవండి. నాకు ఒక్క వేలు కూడా ముడవాల్సిన పని పడలేదు, మొత్తం ఒకటే షాట్. రెండోసారి వెలుగు చూడండి, చీకటిగా మొదలై తెల్లవారుతుంది. మూడోసారి పెదవులు చూడండి. మనిషి మెల్లగా తేలుతున్నట్టు నడుస్తాడు, పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. కిటుకు ఏమిటంటే, పాటని రెట్టింపు వేగంతో పెట్టి, దానికి తగ్గట్టు గబగబా పాడి, తర్వాత బొమ్మని సగం వేగానికి తగ్గిస్తారు.

ఇది మన ఫోనులోనూ అవుతుంది. వీడియో సెట్టింగ్‌లో 60 ఫ్రేములు పెట్టండి, పాటని 2 స్పీడులో వినిపించండి, ఎడిటింగ్ యాప్‌లో బొమ్మని సగం చెయ్యండి, అసలు పాట కలపండి. పెరట్లో మేం ప్రయత్నించాం. మా ఆయన ఫోను పట్టుకుని వెనక్కి నడుస్తూ కొత్తిమీర కుండీ మీద పడ్డారు. కాబట్టి వెనక ఇంకొకరు ఉండి ఆయన్ని పట్టుకోవాలి! స్పీకరు జేబులోనే ఉండాలి, బీచ్ గాలికి దూరం నుంచి ఏమీ వినపడదు.

ఇక మా ప్లాను. పాటని ఐదు ముక్కలు చేశాం. ఎవరి సెలవు రోజున వాళ్ళు అదే బీచ్‌లో, పొద్దున్నే, ఒకే పసుపు చున్నీ వేసుకుని తమ ముక్క పాడుతూ నడవాలి. చివర్లో చున్నీని కెమెరాకి అడ్డం తేవాలి, తర్వాతి మనిషి ఆ చున్నీ తీస్తూ మొదలుపెడుతుంది. అతుకు కనపడదు. యూనిఫాంలో వద్దు, వార్డులో అసలే వద్దు, ఎందుకో నర్సులకి చెప్పక్కర్లేదు.

ముగ్గురివి అయిపోయాయి. నా వంతు మంగళవారం, నైట్ దిగి అట్నుంచటే. కళ్ళు ఎలా ఉంటాయో దేవుడికే తెలియాలి. అక్క ఈ గ్రూపులో లేదని ధైర్యంగా రాసేశాను, ఎవరూ ఆవిడకి ఫార్వర్డ్ చెయ్యకండి తల్లీ!